కాపలావాడి చప్పుడు

నేను ఆ రోజు నిద్రపోలేదు. ఈ సంగతి ముందే తేల్చేస్తే మిగతాది చెప్పడం సులువు. నేను నిద్రపోయానని అనే మనిషి ఈ భూమ్మీద ఒక్కడే ఉన్నాడు. వాడు కుప్పం దగ్గర ఒక పల్లెలో రాగులు పండించుకుంటున్నాడు. అచ్చం నా అంత మొండివాడు. వాడంటే నాకు ప్రాణం.

మాది పుంగనూరు అవతల మెట్ట పల్లె. వానొస్తే వేరుశెనగ, రాకపోతే మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని ఆకాశం కేసి చూడడం. తొంభైల మొదట్లో నేను మిలిటరీ సెలెక్షన్లకు పోతే, పరుగు వరుసలో నా ముందున్నవాడు వెనక్కి తిరిగి "యా ఊరప్పా?" అన్నాడు. చెప్పాను. "మాది కుప్పం. అయితే ఇద్దరిదీ ఒకటే ఊరు పో" అన్నాడు. పుంగనూరు నుంచి కుప్పం పోవాలంటే ఎంత తిప్పలో ఇద్దరికీ తెలుసు. అయినా ట్రైనింగుకు పోయాక, చుట్టూ హిందీ తప్ప ఏమీ వినపడని చోట, వాడి లెక్కే నిజమైంది.

మిలిటరీలో ప్రతి జవానుకూ ఒక జోడీ ఉంటాడు. బడ్డీ అంటారు. వాడి తుపాకీ శుభ్రంగా ఉందో లేదో నేను చూడాలి, నా మూట సరిగ్గా కట్టుకున్నానో లేదో వాడు చూడాలి. ఒకడు పడుకుంటే రెండోవాడు మేలుకోవాలి. పెళ్ళాం అలిగితే పుట్టింటికి పోతుంది, బడ్డీకి ఆ దారి కూడా లేదు. మా ఇద్దరినీ జోడీగా వేసినప్పుడు మిగతావాళ్ళు నవ్వారు. నేను తాటిచెట్టంత పొడుగు, వాడు నా భుజం దాకా కూడా రాడు. పైగా వాడికి నిద్రంటే పిచ్చి. రైల్లో నిలబడి నిద్రపోయేవాడు. ట్రైనింగు ఇచ్చే ఉస్తాద్ పాఠం చెబుతుంటే కళ్ళు తెరుచుకునే నిద్రపోయేవాడు. నేను పక్కనుంటే తను ఎక్కడైనా నిద్రపోతానని వాడే చెప్పుకునేవాడు. నాకు అది గొప్పగానే ఉండేది.

ఒకసారి ఇద్దరికీ ఒకేసారి సెలవు దొరికితే వాడి ఊరికి పోయాను. కుప్పం చుట్టుపక్కల అడవిలోంచి ఏనుగులు పంటల మీద పడేవి. రాగి వెన్ను తిరిగిందంటే రైతులు మంచెల మీదే కాపురం. పొద్దు వాలుతుండగా వాళ్ళ నాయన నన్ను కూడా మంచె ఎక్కించాడు. పాత కిరసనాయిలు డబ్బా ఒకటి, దాన్ని కొట్టడానికి ఒక కట్టె. ఆయన కొంచెం కొంచెం సేపటికి డబ్బాను ఒక దెబ్బ కొడుతూనే ఉన్నాడు. పక్కనే కొడుకు గురక. ఆ మోతలో వీడికి నిద్రెట్లా పడుతోందని అడిగాను.

"సప్పుడు ఉంటేనే నిద్రప్పా" అన్నాడు పెద్దాయన. "సప్పుడు ఉండాదంటే కాపలావాడు మేలుకోని ఉండాడని. సప్పుడు నిల్చిపోయిందంటే వాడు పండుకున్యాడని. ఇంగ నువ్వు లెయ్యాల్సిందే."

"సూస్తావా?" అని కట్టె పక్కన పెట్టాడు. ఇద్దరం మాటల్లేకుండా కూర్చున్నాం. కాసేపటికి వాడు ఉలిక్కిపడి లేచి కూర్చుని, "నాయనా!" అన్నాడు. పెద్దాయన నవ్వి మళ్ళీ డబ్బా కొట్టాడు. వాడు మళ్ళీ ఒరిగిపోయాడు. పుట్టినప్పటి నుంచీ ఆ మంచె మీద పెరిగినవాడు, లోకమంతా చప్పుడుకు లేస్తుంటే వాడు మాత్రం నిశ్శబ్దానికి లేస్తాడు. ఆ రోజు మాకు అది పెద్ద తమాషా.

తొంభైల చివర్లో ఒక వేసవిలో మమ్మల్ని మంచుకొండల మీదికి పంపారు. ఎదురు శిఖరం మీద శత్రువు కూర్చుని ఉన్నాడు. పగటిపూట తల పైకెత్తితే గుండు దిగుతుంది. అందుకని చీకట్లో పైకి సామాన్లు మోయడం, పగలు దాక్కోవడం. రాళ్ళు పేర్చి కట్టిన గూడు మాది, ఇద్దరు పట్టేంతే. ఒకడు రాళ్ళ సందులోంచి వాలు మీద కన్నేసి ఉంటే, రెండోవాడు వాడి పక్కనే కాళ్ళు ముడుచుకుని పడుకోవాలి. దగ్గు వచ్చినా చేతిలోనే దగ్గాలి.

మొదటి రోజు వాడికి నిద్ర పట్టలేదు. నా వైపు తిరిగి గుసగుసగా "డబ్బా కొట్టవేందిరా" అన్నాడు.

"కొడతా. పైనుండేటోళ్ళు తాళం వేస్తారు" అన్నాను.

వాడు నవ్వాపుకోలేక మఫ్లర్ నోట్లో కుక్కుకున్నాడు. తర్వాత వాడికే ఉపాయం తట్టింది. తల అటు పెట్టి, కాళ్ళు నా వైపుకు చాపాడు. బూట్లు విప్పే పని లేదు కదా. నేను ఒక చేయి తుపాకీ మీద ఉంచి, రెండో చేతి వేలితో వాడి బూటు అడుగున కొంచెం కొంచెం సేపటికి తట్టాలి. చప్పుడు బయటికి రాదు, వాడి కాలికి తెలుస్తుంది. అంతే, రెండు నిమిషాల్లో నిద్రపోయాడు. నా వంతు వచ్చినప్పుడు వాడు కూడా నా బూటును తట్టేవాడు. నాకు అక్కర్లేదన్నా వినలేదు. నిజం చెప్పాలంటే ఆ కొండ మీద నాకు దొరికిన సుఖం అదొక్కటే.

భయం మొదట శత్రువును చూస్తే వేస్తుంది. తర్వాత కొండను చూస్తే, చలిని చూస్తే. నిద్ర లేకుండా వారాలు గడిచేకొద్దీ అది పక్కనున్న మనిషి మీదికి తిరుగుతుంది. చేతికి అందేంత దగ్గర్లో ఉండేది వాడొక్కడే కాబట్టి. పొద్దున టీ పంచుకున్నవాడు సాయంత్రానికి ఉండడు. అలాంటి రోజుల్లో మా ఎడమ పక్క పోస్టు మీద దెబ్బ పడింది. కాపలావాడు కునుకు తీశాడట అన్నారు. నిజమేమిటో చెప్పగలిగినవాళ్ళు ఎవరూ మిగల్లేదు. అయినా ఆ 'అట' మాత్రం రేషను కన్నా ముందు అన్ని పోస్టులకూ చేరిపోయింది. ఆ తర్వాత ప్రతివాడూ పక్కవాడి మొహం చూసే ముందు కళ్ళు చూడడం మొదలుపెట్టాడు.

ఆ మరుసటి రోజే మా గొడవ. ఎండ మంచు మీద పడి కళ్ళు పొడుస్తోంది. వాడు పడుకున్నాడు, నేను బూటు తడుతున్నాను. ఇంతలో వాలు మీద ఒక బండ వెనక ఏదో కదిలింది. నేను రెండు చేతులూ తుపాకీ మీదికి తెచ్చి గురి పెట్టాను. ఊపిరి కూడా బిగబట్టాను. వేలు ఆగిపోయింది కదా, వాడికి మెలకువ వచ్చేసింది. నన్ను పిలిచాడట, నాకు చెవికెక్కలేదు. ఎక్కినా పలికేవాణ్ణి కాదు. చివరికి ఆ బండ వెనక నుంచి చిరిగిన టార్పాలిన్ ముక్క ఒకటి గాలికి లేచి లోయలోకి కొట్టుకుపోయింది. నేను తుపాకీ దించేసరికి వాడు నన్నే చూస్తున్నాడు.

"పండుకున్యావా?"

"లేదు. బండ కాడ ఏందో కదిలింది. టార్పాలిన్ ముక్క."

"యాడ?"

"గాలికి పోయింది."

"నీ కన్ను మూసుకోని ఉండాది. నేను సూసినా."

వాడు నా ఎడమ పక్క పడుకున్నాడు. తుపాకీ గురి పెట్టేవాడు ఎడమ కన్ను మూస్తాడు. సైన్యంలో మొదటి నెలలో నేర్పే పాఠం. వాడూ అట్లాగే మూస్తాడు. ఆ మాటే అన్నాను. మామూలు రోజుల్లో అయితే నాలుక కరుచుకునేవాడు. ఆ రోజు మాత్రం, "ఇప్పుడు సెప్తాండావు" అన్నాడు. ఎడమ పోస్టు సంగతి వాడి తలలో గిర్రున తిరుగుతోందని నాకు అర్థమైంది. అర్థమైనా కోపం ఆగలేదు. గొంతు పెంచే వీల్లేని చోట పోట్లాడి చూడండి, అంతకన్నా నరకం లేదు. పళ్ళ సందుల్లోంచే వాడి ఏడు తరాలనూ తిట్టాను.

ఆనాటి నుంచి నా కాపలాలో వాడు నిద్రపోలేదు. కాళ్ళు నా వైపు పెట్టడం మానేసి తల నా వైపు పెట్టాడు. కళ్ళు మూసినట్టే ఉండేవి, రెప్పల కింద గుడ్లు కదులుతూనే ఉండేవి. తట్టనా అని అడిగితే, "వద్దులే" అనేవాడు. తన కాపలాలో వాడు కునికిపాట్లు పడినా నేను ఓర్చుకునేవాణ్ణి. వాడు నన్నే కాపలా కాయడం మాత్రం ఓర్చుకోలేకపోయాను. నాకు కూడా అనుమానం పట్టుకుంది. వీడు పోయి సెక్షన్ హవల్దారుకు చెబుతాడేమో. కాపలాలో నిద్రపోయాడని మాట వచ్చిందంటే యుద్ధంలో శిక్ష మామూలుగా ఉండదు, పైగా ఆ పేరు ఊరి దాకా వస్తుంది. ఇక వాడెటు పోతే అటు నా చూపు. శత్రువు మీద పెట్టాల్సిన కళ్ళు ఒకరి మీద ఒకరం పెట్టుకున్నాం.

అనుకున్నట్టే ఒక తెల్లవారుజామున, మోసుకొచ్చిన సామాన్లు దించాక, వాడు హవల్దారును పక్కకు పిలిచి మాట్లాడాడు. ఇద్దరూ ఒకసారి నా వైపు చూశారు. ఆ వేళే జోడీ మార్చేశారు. నాకు ఒడిశా కుర్రాణ్ణి ఇచ్చారు, వాణ్ణి ఇంకో గూటికి పంపారు. నన్నెవరూ ఏమీ అడగలేదు. అడక్కపోవడమే నాకు మరీ మంటగా ఉంది. అయిపోయింది, వీడు నా కొంప ముంచాడు అనుకున్నాను.

యుద్ధం గెలిచాం. మా శిఖరం మాకొచ్చింది. ఇద్దరం ప్రాణాలతో దిగాం. గ్రూపు ఫోటోలో నేను ఆ చివర, వాడు ఈ చివర. తర్వాత వేరే వేరే కంపెనీలు, వేరే వేరే ఊళ్ళు. శిక్షా రాలేదు, మాటా రాలేదు. ఎందుకు రాలేదో నేను ఆలోచించలేదు. ఆలోచించే ఓపిక కోపానికి ఉండదు.

పింఛనుతో ఇంటికొచ్చాక మదనపల్లెలో స్థిరపడి ఒక చిన్న లారీ కొన్నాను. నిమ్మనపల్లె, వాల్మీకిపురం వైపు తోటల్లో టమోటా బుట్టలు ఎత్తుకుని మార్కెట్టులో దించడం నా పని. నా అంత నిదానంగా, గట్టిగా బండి తోలేవాడు ఆ మార్కెట్టులో లేడని నేనే చెప్పుకుంటాను, ఇంకెవరూ కాదనరు. యుద్ధం నాకూ కొన్ని వంకర్లు మిగిల్చింది. హోటల్లో వీపు గోడకు ఆనితే తప్ప ఇడ్లీ దిగదు. దీపావళి వస్తే ఊరు వదిలి తోటల్లోకి పోతాను. అయినా కూడూ నిద్రా బాగానే ఉన్నాయి, దేవుడి దయ.

ఒక రోజు ఫోన్ వచ్చింది. ఆడగొంతు. "అన్నా, కుప్పం కాడినుంచి మాట్లాడతాండాను" అని, వాడి భార్యనని, మా పాత కంపెనీ వాళ్ళ దగ్గర నా నంబరు పట్టానని చెప్పింది.

"మాయన పండుకోడన్నా. పంట ఉన్నా మంచె మీదే, లేకపోయినా మంచె మీదే. నేను మేలుకోని ఉంటా, నువ్వు కండ్లు మూసుకో అంటే నా మొగమే సూస్తా ఉంటాడు. మామ ఉన్నన్నాళ్ళు డబ్బా కొడితే కొంచెమన్నా ఒరిగేవాడు. మామ పోయినాక అదీ లేదు. మనిషి కట్టెపుల్ల అయిపోయినాడు. మదనపల్లెలో పెద్ద డాక్టరు ఉండాడంట. బస్సెక్కమంటే, డ్రైవరు ఎవడో తెలీకుండా ఎట్ల ఎక్కాల అంటాడు. నీ బండైతే ఎక్కుతాడేమోనని."

"నా బండా? నేను కాపలాలో నిద్రపోయేవాణ్ణి కదమ్మా" అన్నాను. ఏళ్ళు గడిస్తే మాత్రం కోపం ఎక్కడికి పోతుంది.

"ఆ సంగతి మీరిద్దరూ సూసుకోండి. నాకు మాయన బతకాల" అంది.

మర్నాడు టమోటాలు మానేసి తెల్లారకముందే బండి తీశాను.

నేను పోయేసరికి వాడు మంచె దిగి వస్తున్నాడు. బుగ్గలు లోపలికి పోయాయి, కళ్ళు మిరపపండ్లు. నన్ను పలకరించకుండా ముందు నా బండి చుట్టూ తిరిగాడు. టైర్లు తన్ని చూశాడు.

"బ్రేకు పడతాదా?"

"నీ నోటికి తప్ప అన్నిటికీ పడతాది. ఎక్కు" అన్నాను.

పొలం, పశువులూ వదిలి రాలేని వాడి భార్య గుమ్మంలోనే పక్కకు తిరిగి నవ్వుకుంది. వాడు ఎక్కాడు. డాక్టరు దగ్గర పేరు రాయించింది మధ్యాహ్నానికి. బైరెడ్డిపల్లె దాటాం. వాడి కళ్ళు ఒకసారి రోడ్డు మీద, ఒకసారి నా మొహం మీద. గూట్లో చూసిన చూపే. పలమనేరు దగ్గరకొచ్చేసరికి నా వల్ల కాలేదు.

"ఆ పొద్దు హవల్దారుకు ఏం సెప్పినావురా?" అన్నాను.

వాడు వెంటనే చెప్పాడు, ఎప్పుడో అడుగుతానని తెలిసినట్టు. "నేను సెడిపోయినా, నాకు నిద్ర పట్టదు, ఎవుర్నీ నమ్మలేకుండా ఉండా, నాతో ఉంటే వాడు గూడా సస్తాడు, జోడీ మార్చండి అని సెప్పినా."

"నేను పండుకున్యానని సెప్పలా?"

"సెప్తే నిన్నేం సేస్తారో నాకు తెలీదా?"

"నేను పండుకోలేదు గదరా!"

"పండుకున్యావు. అయినా సెప్పలా."

బండిని రోడ్డు పక్కకు తీసి ఆపేశాను. కొట్టాలన్నంత కోపం, కావిలించుకోవాలన్నంత ఏడుపు, రెండూ ఒకేసారి వచ్చాయి. నేను నిద్రపోయానని గట్టిగా నమ్ముతూనే, చెడిపోయింది తనేనని చెప్పుకున్నాడు. నా కళ్ళను నమ్మలేని మనిషి నన్ను మాత్రం కాచాడు. నేనేమో ఇన్నేళ్ళూ వాణ్ణి చాడీలు చెప్పేవాడని తిట్టుకున్నాను. కిందకు దిగి నీళ్ళు తాగి, మొహం కడుక్కుని మళ్ళీ ఎక్కాను. "ఎడమ కన్ను గురికి మూస్తారురా, ఎద్దూ" అన్నాను.

"తెలుసులే" అన్నాడు. తెలుసన్నాడే తప్ప ఒప్పుకోలేదు. అయినా ఆ ఉదయం మొదటిసారి వాడి మొహంలో పాత నవ్వు కనపడింది.

పుంగనూరులో టీ తాగాం. మా ఊరి టీ కుప్పం టీ కన్నా మేలని నేను, నీళ్ళలా ఉందని వాడు. మళ్ళీ బండి కదిలాక వాడు సీట్లో అటూ ఇటూ జరిగి, వీపు తలుపుకు ఆనించి, కాళ్ళు పైకి తీసి నా వైపుకు చాపాడు. నేను చూసీ చూడనట్టు ఉన్నాను. కొంత దూరం పోయాక ఎడమ చేయి గేరు మీద నుంచి తీసి, వేలితో వాడి చెప్పు అడుగున తట్టాను. వాడు కాలు వెనక్కి తీసుకోలేదు. మళ్ళీ తట్టాను. కాసేపటికి వాడి మెడ పక్కకు వాలింది.

ఒంటి చేత్తో స్టీరింగు పట్టుకుని, రెండో చేత్తో ఒక మనిషి నిద్రను పట్టుకుని అలా తోలాను. ఇంతలో ఎత్తు వచ్చింది. ఎదురుగా గడ్డి లారీ ఒకటి రోడ్డంతా ఆక్రమించి దిగుతోంది. గేరు మార్చక తప్పదు. చేయి తీస్తే లేస్తాడు. వీడికి ఈ నిద్ర మళ్ళీ ఎప్పుడు దొరుకుతుందో, అసలు దొరుకుతుందో లేదో. అయినా చేసేదేం లేక చేయి తీశాను, గేరు మార్చాను, బండిని అంచుకు తీసి లారీని పోనిచ్చాను. భయం భయంగా పక్కకు చూశాను.

వాడు లేవలేదు. నోరు తెరుచుకుని గురక పెడుతున్నాడు. మళ్ళీ తడదామని చేయి చాపి, ఆగిపోయాను. ఇంక తట్టలేదు. ఎత్తు ఎక్కి దిగాం, స్పీడు బ్రేకర్లు దాటాం, వాడు కదల్లేదు.

మదనపల్లె మొదట్లో రోడ్డు పక్క చింతచెట్ల నీడ చూసి బండి ఆపాను. డాక్టరు టైము అయింది. కాసేపటికి దాటిపోయింది. టమోటా లారీలు హారన్లు కొట్టుకుంటూ పోతున్నాయి. తెలిసిన డ్రైవరు ఒకడు తల బయటికి పెట్టి ఏదో అరవబోతే, కొరివిదయ్యంలా చూశాను, నోరు మూసుకుని పోయాడు. నెమ్మదిగా కిందికి దిగి వాడి భార్యకు ఫోన్ చేశాను.

"డాక్టరు ఏమన్నాడన్నా?"

"ఇంగా పోలేదమ్మా. బండిలో పండుకున్యాడు. లేపేదా?"

అవతల నుంచి ఏడుపు వినపడింది. "లేపద్దన్నా. డాక్టరు రేపు గూడా ఉంటాడు" అంది.

మళ్ళీ ఎక్కి నా సీట్లో కూర్చున్నాను. ఎండ వాడి మొహం మీదికి జరిగినప్పుడు నా తుండుగుడ్డ అద్దానికి అడ్డం కట్టాను. పొద్దు వాలేదాకా వాడు పడుకున్నాడు, నేను కాపలా కాశాను. ఈసారి కూడా నిద్రపోలేదు. ఆ కొండ మీద నాకున్న సాక్ష్యం ఒక టార్పాలిన్ ముక్క, దాన్ని గాలి ఎత్తుకుపోయింది. ఈసారి సాక్షి నా పక్కనే, కాళ్ళు నా వైపు చాపుకుని, గురక పెడుతున్నాడు.